ఊడిపడిన ‘క’

తాటిరేవు గొడవంతా ఒక్క ‘క’ దగ్గర మొదలైంది. ఆ అక్షరం అక్కడ లేదని మొట్టమొదట కనిపెట్టిన మనిషి వారిజ. ఆ రోజు తనెంత పొంగిపోయిందో తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

విశాఖలో సముద్రం వైపు కిటికీలున్న ఒక ల్యాబులో ఆవిడ తయారుచేసిన యంత్రానికి పత్రాల మీద పెద్ద పేరే ఉంది కానీ, ల్యాబులో అందరూ దాన్ని ‘మేస్త్రి’ అనేవాళ్ళు. ఎవరైనా కొత్తగా వస్తే వారిజ ఉపన్యాసం ఇచ్చేది కాదు. బల్ల మీద తడి సున్నం పరిచి, తాపీ చేతికిచ్చి, “గీస్తూ మీ పేరు గట్టిగా చెప్పండి” అనేది. వారం తరవాత సున్నం ఎండాక మేస్త్రి దాని మీద సన్నని లేజరు వెలుగు పారించుకుంటూ పోయేది. స్పీకర్లోంచి ఆ వచ్చినాయన పేరు, జలుబు చేసిన గొంతుతో ఆయనకే వినిపించేది. మనిషి మాట్లాడుతుంటే తాపీ రేకు వణుకుతుంది, ఆ వణుకు తడి సున్నంలో గాడిగా పడుతుంది, సున్నం ఆరి రాయవుతుంది. అంతే సంగతి. చిక్కల్లా, వందేళ్ళ నాటి గచ్చులో అసలు చప్పుడు వందలో పన్నెండు పాళ్ళే మిగులుతుంది. తక్కినదాన్ని మేస్త్రి తనకు తెలిసిన మాటలతో పోల్చుకుని పూడ్చుకోవాలి. మాటలు నేర్పాల్సింది వారిజ. తెనాలి పక్క పుట్టిన మనిషి, తెలుగంటే మహా పట్టింపు. పదేళ్ళ దినపత్రికలు, బడి పుస్తకాలు, రేడియో వార్తలు, తాటిరేవు శతవార్షిక సంఘం వేసిన సంచిక, అన్నీ పోగేసి దానికి నూరిపోసింది.

తాటిరేవు కథ ఆ జిల్లాలో చంటిపిల్లలకి కూడా తెలుసు. వెయ్యి తొమ్మిది వందల ముప్ఫైలో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, ఊరి ఉప్పు కొఠారు ముందు జనం చేరారు. పోలీసులు తుపాకులెత్తారు. జనం బెదిరిపోతుంటే సనపల జోగినాయుడు రాట్నం జెండా పైకెత్తి “పారిపోకండి” అని కేక వేశాడు. జనం ఆగారు. తూటాలకి ఆయనతో కలిపి పదకొండు మంది పోయారు. ఊరి మధ్య ఆయన విగ్రహం దిమ్మ మీద ఆ ఒక్క మాటే చెక్కి ఉంటుంది. బడి గోడల మీద, బస్సుల వెనక, కబడ్డీ ఆడే పిల్లల చొక్కాల మీద కూడా అదే మాట.

ఆ పూట కొఠారు గోడకి ఒక తాపీ మేస్త్రి గచ్చు వేస్తున్నాడు. కాల్పులు మొదలవగానే తాపీ వదిలేసి పరిగెత్తాడు. ఆ చెయ్యి ఆగినచోట గోడ ఆరడుగుల మేర నున్న చెయ్యకుండా, గీతలతో అలాగే మిగిలిపోయింది. ఊరివాళ్ళు దానికి అద్దం బిగించి, దండలు వేసి దాచుకున్నారు. వారిజ సంఘం అనుమతి తీసుకుని, అద్దం తీయించి, ఆ గీతలన్నీ ల్యాబు మేస్త్రి చేత తడిమించి తెచ్చుకుంది. నాయుడిగారి గొంతు శతవార్షికోత్సవం నాటికి ఊరికి వినిపిస్తానని మాటిచ్చింది.

మూడేళ్ళు పట్టింది. మగగొంతు ఒకటి పైకి తేలింది. మేస్త్రి తెర మీద తెల్లటి అక్షరాలు చూపించింది: పారిపోండి. తొంభై ఒకటి శాతం ఖాయం.

వారిజ నమ్మలేదు. “క అనాలంటే గొంతు దగ్గర గాలి ఒక్క క్షణం మూసుకోవాలి, చప్పుడు తెగాలి” అంటూ ల్యాబులో ఉన్న నలుగురి చేతా మెడ మీద చెయ్యి పెట్టించి “పారిపోకండి” అనిపించింది. అందరికీ తెగింది. గచ్చులో మాత్రం ఎక్కడా తెగలేదు. ‘పో’కీ ‘డి’కీ మధ్య ఏదో మెత్తగా సాగింది, అంతే. తాపీ జారి ఉంటుందిలే అనుకుంది. ‘క’ లేదు, ముమ్మాటికీ లేదు. జోగినాయుడు నిలబడమనలేదు, పరిగెత్తమన్నాడు. వందేళ్ళుగా దేశం తలకిందులుగా చదువుతున్న మాటని తను సరిచేసింది. ఆవిడ ఆ సాయంత్రం స్వీట్లు కొనుక్కుని ఇంటికెళ్ళింది.

భర్త ఓడ మీద ఇంజనీరు, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళ మీదే. ఇంట్లో ఉండేది కూతురు కిన్నెర, అత్తగారు అసిరమ్మ. అసిరమ్మది తాటిరేవే, ఉప్పు మడుల ఇల్లు. ఆ కాల్పుల్లో పోయిన పదకొండు మందిలో నూకాలమ్మ ఆవిడ నాయనమ్మ. ఒళ్ళో ఉప్పు మూటతో నిలబడే ప్రాణం వదిలిందని ఇంట్లో వందసార్లు చెప్పుకున్న మాటే. అయినా వారిజ ఆవిడ మాటలు పెద్దగా చెవిన వేసుకునేది కాదు. కిన్నెర చిన్నప్పుడు మామ్మ యాసలో “ఏటి, ఎలగ” అంటుంటే మందలించి మానిపించింది. అసిరమ్మ నొచ్చుకుని అప్పట్నుంచి మనవరాలితో తక్కువ మాట్లాడటం నేర్చుకుంది. తన గది, తన టీవీ, తన తమలపాకులు.

కిన్నెరకి ఇరవై నాలుగేళ్ళు. ‘ఉప్పురాయి’ అనే రాక్ బృందంలో పాడుతుంది. తల్లి చేసే పని గురించి ఏనాడూ అడగని పిల్ల ఆ రాత్రి భోజనం దగ్గర ప్లేటు పక్కకి తోసి విన్నది.

“అంటే ఆయన అందర్నీ బతికిద్దామనుకున్నాడా?”

“గచ్చు అదే చెబుతోంది.”

“మనవాళ్ళు బతకమన్న మనిషిని చావమన్నాడని పూజ చేస్తున్నారా, వందేళ్ళుగా?” కిన్నెర కళ్ళు మెరిశాయి. “అమ్మా, దీన్ని పాట చేసుకోనా?”

పత్రం ఇంకా అచ్చు కాలేదు. ఇంకెవరూ సరిచూడలేదు. ఆ మాట చెప్పాల్సింది. కానీ కూతురు తన పనిని చూసి మొదటిసారి ఇంత ముచ్చట పడింది. వారిజ చేసుకోమంది. చప్పుడున్న ఫైలు కూడా తనే ఇచ్చింది.

పాట వీడియోగా వచ్చింది. నిజం చెప్పాలంటే గొప్పగా ఉంది. ఎండలో మెరిసే ఉప్పు మడులు, పదకొండు ఉప్పు కుప్పలు, ఒక్కో కుప్ప ముందు ఒక జత చెప్పులు. ఖద్దరు లాల్చీ, టోపీ పెట్టుకున్న కిన్నెర ఒళ్ళంతా ఉప్పు పూసుకుని దిమ్మ మీద విగ్రహంలా నిలబడి ఉంటుంది. డ్రమ్ములు అందుకోగానే కళ్ళు తెరుస్తుంది. రాట్నం జెండాని మడతపెట్టి చంకన పెట్టుకుని, దిమ్మ దూకి పరిగెడుతుంది. వెనకాల ఊరంతా పరిగెడుతుంది. “పారిపోండి” అని గచ్చులోంచి వచ్చిన ఆ గొంతే పల్లవి. చివర్లో ఖాళీ దిమ్మ మీద చెక్కిన మాటలోంచి ‘క’ ఒక్కటి ఊడి కింద పడుతుంది. దాని పక్కనున్న సున్నా మెల్లగా జరిగి పోకి అతుక్కుంటుంది.

నాలుగు రోజుల్లో కోటి మంది చూశారు. అయిదో రోజున కొంప మునిగింది.

జాతి వీరుణ్ణి పిరికివాణ్ణి చేశారన్నారు. జెండాని చంకన పెట్టడమేమిటన్నారు. ఆడపిల్లకి నాయుడి వేషమేమిటన్నారు. కొందరు విగ్రహానికి పాలాభిషేకం చేస్తే, ఇంకొందరు కుర్రాళ్ళు చొక్కాల మీద ‘క’ కొట్టేసి తిరిగారు. చివరికి ఇళ్ళల్లోనే అన్నదమ్ములు కొట్టుకున్నారు. ఆ గచ్చు ఉంటే ఇంకెవరో వచ్చి ఇంకేదో అంటారని ఒక మధ్యాహ్నం ఎవరో యంత్రం తెచ్చి కొఠారు గోడని కూలగొట్టేశారు. వందేళ్ళు దండలు వేసిన చేతులే కూల్చాయో, బయటివాళ్ళు కూల్చారో తేలలేదు.

అదే వారం ఉప్పురాయిలో డ్రమ్స్ వాయించే ప్రభుదాస్‌ని బస్టాండులో పట్టుకున్నారు. “ఈ చేత్తోనేనా వాయించావు?” అని అడిగి కుడి మణికట్టు విరిచారు. ఎముక మూడు చోట్ల చిట్లింది. పుల్ల పట్టుకోవడం ఇక కుదరదని డాక్టర్లు చెప్పేశారు.

కేసు కిన్నెర మీద పెట్టారు. కొత్తగా వచ్చిన యోధుల గౌరవ చట్టం ప్రకారం, స్వాతంత్ర్య యోధుల చరిత్రని ఆధారం లేకుండా మార్చి చూపిస్తే మూడేళ్ళ దాకా జైలు. ఆధారం ఉంటే నేరం కాదు. ఆధారమల్లా వారిజ దగ్గరుంది. గోడ పోయింది కాబట్టి, ప్రపంచం మొత్తంలో ఆవిడ దగ్గరే ఉంది.

లాయరు పాత్రుడుగారు నెమ్మదస్తుడు. సాక్ష్యం ఎలా చెప్పాలో సాధన చేయించడానికి ఒక ఆదివారం పొద్దున ఇంటికి వచ్చారు. కిన్నెర ఆసుపత్రిలో ప్రభుదాస్ దగ్గరుంది. అసిరమ్మ హాల్లో కింద కూర్చుని పళ్ళెంలో రొయ్యలు ఒలుచుకుంటోంది.

“జడ్జిగారు తప్పకుండా వింటానంటారు. మీరు పూడ్చినది కాదు, ముందుదీ, గోడలోంచి ఉన్నదున్నట్టు వచ్చినదీ వినిపించమంటారు. ఏదీ, ఓసారి పెట్టండి” అన్నారు పాత్రుడుగారు.

ఆ చప్పుడు వారిజ మూడేళ్ళుగా హెడ్‌ఫోన్లలోనే విన్నది. మొదటిసారి హాల్లో స్పీకరుకి కలిపింది. గరగరమని సున్నం రాలుతున్నట్టు ఒక చప్పుడు, దాని వెనక ఎక్కడో దూరంగా మనిషి కేక.

“ఇంకోసారి” అన్నారు లాయరుగారు.

మళ్ళీ పెట్టింది. అసిరమ్మ రొయ్య తల తుంచుతూ, టీవీలో మనిషిని అడిగినట్టు అడిగింది.

“ఏటి పారబొయ్యమంతన్నాడు?”

వారిజ చప్పుడు ఆపేసింది. “ఏమన్నారు అత్తయ్యా?”

“అదేనమ్మా, ఆడెవడో పారబోయండి, పారబోయండి అని కేకలేస్తన్నాడు గదా. ఏటి పారబొయ్యాలి?”

 వారిజ ఆ మాటని పెదాల మీదే విడగొట్టుకుంది. పా, ర, బో, యం, డి. ‘పో’కీ ‘డి’కీ మధ్య మెత్తగా సాగిన ముక్క తాపీ జారడం కాదు. అది ‘య’. ‘య’ అనడానికి గొంతు మూసుకోనక్కర్లేదు. ఊరు వందేళ్ళుగా చెప్పుకునే మాటకి ఎన్ని అక్షరాల దెబ్బలున్నాయో దీనికీ అన్నే ఉన్నాయి. దూరంనుంచి, భయంలో, తుపాకుల ముందు ఎవరు విన్నా ఒకదానికొకటి లాగే వినిపిస్తాయి. మేస్త్రి పాపం ఏం చేస్తుంది, తనకి నేర్పిన మాటల్లోంచి దగ్గరగా ఉన్నదాన్ని ఏరుకుంది. పేపర్లలో మనుషులు పారిపోతారు గానీ, ఉప్పు పారబొయ్యరు.

“అత్తయ్యా, ఇది తాటిరేవు గోడలోది. ఆ గొంతు జోగినాయుడిగారిది అనుకుంటున్నాం.”

అసిరమ్మ పళ్ళెం పక్కకి జరిపింది. పైట చెంగుతో చేతులు తుడుచుకుంది.

“మళ్ళా ఒకపాలి ఎట్టు.”

పెట్టింది. ముసలావిడ తల వంచుకుని విన్నది.

“అదే. ఉప్పు పారబోయండి అన్నాడు. సేతిలో ఉప్పు లేపోతే పోలీసోళ్ళు ఒగ్గేస్తారని గావాల.” కోడలి వైపు తిరిగింది. “మా మడోళ్ళు ఉప్పు పారబొయ్యరమ్మా. పండించిన ఉప్పు సేత్తో నేలమీద పోస్తే మళ్ళా యేడాది మడిలో ఉప్పు తేలదని మా నమ్మకం. ఆ నాయుడు రైతుబిడ్డ, ఆడికి తెల్దు. పారబొయ్యమంటే మాయోళ్ళు ఎలగ పారబోస్తారు? ఒళ్ళో ఎట్టుకుని నిల్సుండిపోనారు.”

పాత్రుడుగారు కలం మూత పెట్టేశారు. ఆయన రాసుకొచ్చిన కాగితాలు ఒళ్ళోనే ఉన్నాయి.

“మా నాయన చచ్చిపోయేదాకా అదే సెప్పేడు. మా యమ్మ నాయుడి మాట ఇని నిల్సుంది, మాట తప్పలేదు అని” అంది అసిరమ్మ. “అంటే మా ముసిల్ది ఎవుడి మాటా ఇన్లేదన్నమాట.”

ఆవిడ ఏడ్చిందో, నవ్విందో వారిజకి తెలియలేదు. కళ్ళు మాత్రం తుడుచుకుంది. ఆ ఇంటి గర్వం ఒక్క పూటలో నాయుడి నుంచి నూకాలమ్మకి చేతులు మారింది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ముసలావిడకే తెలియలేదు.

మర్నాటినుంచి వారిజ ల్యాబుకి వెళ్తూ అసిరమ్మని వెంటబెట్టుకెళ్ళింది. ముసలావిడ మైకు ముందు కూర్చుని మడుల మాటలు చెప్పింది. గట్లు కట్టడం, నీళ్ళు తోడటం, ఉప్పు తేలటం, లాగటం, ఎత్తటం, తిట్టుకోవడం, పిలుచుకోవడం. మూడు రోజుల్లో నాలుగు వేల మాటలు. వాటిలో సగం ఆవిడ ఈ ఇంట్లోకి వచ్చాక నోట పలకనివి. “ఇదంతా ఎందుకమ్మా, పన్లేని మాటలు” అంటూనే చెప్పింది. కొన్ని చెప్పేటప్పుడు గొంతు సాగింది, కొన్నిటికి తనే నవ్వుకుంది. వారిజ అంత దగ్గరగా కూర్చుని అత్తగారి మాట వినడం పెళ్ళయిన పాతికేళ్ళలో అదే మొదలు.

అవన్నీ నేర్చుకుని మేస్త్రి తెర మీద కొత్త మాట చూపించింది: పారబోయండి. తొంభై ఏడు శాతం.

కిన్నెరకి వంటింట్లో చెప్పింది. ఆ పిల్ల టీ గ్లాసు పట్టుకుని నిలబడి అంతా విన్నది. అరవలేదు.

“అయితే ప్రభు చెయ్యి దేనికి విరిగినట్టు?” అని అడిగింది.

వారిజ పొయ్యి కట్టేసింది.

“ఆయన అనని మాట మేం పాడాం. ఆయన అనని మాట కోసం వాళ్ళు కొట్టారు. అంతేనా?”

“అంతే.”

కిన్నెర గ్లాసు సింకులో పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది. పొద్దు గుంకేదాకా తలుపు తియ్యలేదు.

పాత్రుడుగారు తల పట్టుకున్నారు గానీ, వృత్తి వృత్తే. రెండు రోజులు ఆలోచించి దారి చెప్పారు. “చూడండమ్మా, మీరు అబద్ధం ఆడనక్కర్లేదు. ‘క’ లేదన్నది నిజమా కాదా? నిజం. పారిపోకండి అనలేదన్నది నిజమా కాదా? నిజం. అంతవరకే చెప్పండి. అక్కడ ఆగండి. ఏమన్నాడని అవతలివాళ్ళు అడిగితే, మొదట యంత్రం ఇచ్చిన కాగితం చూపించండి. అది మీ ల్యాబు ముద్ర ఉన్న కాగితమే కదా. పాటకి ఆధారం ఉందని తేలిపోతుంది. అమ్మాయి బయటపడుతుంది.”

“రెండో కాగితం?”

“దాన్ని ఎవరూ అడగలేదు.”

వారిజ ఆ వారమంతా ఆ నాలుగు వాక్యాలూ బట్టీపట్టింది. నిజంగానే పట్టింది. పిల్ల మూడేళ్ళు జైల్లో ఉండటమా, ఒక కాగితం సొరుగులో ఉండటమా. ఏ తల్లినడిగినా జవాబు ఒక్కటే. అద్దం ముందు నిలబడి చెప్పుకుంటే గొంతు కూడా వణకలేదు.

కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. ఒకవైపు మెడల్లో కండువాలతో శతవార్షిక సంఘం వాళ్ళు, ఇంకోవైపు ‘క’ కొట్టేసిన చొక్కాల కుర్రాళ్ళు. ప్రభుదాస్ కట్టుకట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని మూడో వరసలో కూర్చున్నాడు. అసిరమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని చివరి బెంచీలో కూర్చుంది. కోర్టు చూడటం ఆవిడకి అదే మొదటిసారి.

పాత్రుడుగారి ప్రశ్నలకి వారిజ చక్కగా జవాబులు చెప్పింది. తాపీ వణుకు చెప్పింది. గాడి చెప్పింది. జడ్జిగారి చేత మెడ మీద చెయ్యి పెట్టించి “పారిపోకండి” అనిపించింది. ఆయనకీ తెగింది. గచ్చు చప్పుడు వినిపించింది. హాలంతా విన్నది. కండువాలవాళ్ళలో ఒక పెద్దాయన ‘క’ స్పష్టంగా వినబడుతోందని గొణిగాడు. చొక్కాల కుర్రాళ్ళు నవ్వారు.

“కనుక ఆ గొంతు ‘పారిపోకండి’ అని అనలేదు. అంతేనా?” అన్నారు పాత్రుడుగారు.

“అనలేదు.”

“చాలండి.” ఆయన కూర్చున్నారు. 

ప్రాసిక్యూటరు సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. పెద్దగా సిద్ధపడి వచ్చినట్టు కనిపించలేదు. లేచి ఒకే ప్రశ్న అడిగాడు.

“మరి ఏమన్నారు మేడమ్?”

మొదటి కాగితం ఆవిడ చేతిలోనే ఉంది. చాచి ఇస్తే చాలు. కిన్నెర బోనులోంచి తల్లి వైపే చూస్తోంది. ఆ చూపులో అడగడం లేదు, వద్దనడమూ లేదు. వారిజ తల తిప్పి చివరి బెంచీ చూసింది. అసిరమ్మ ముందుకు వంగి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, కోడలి జవాబు కోసం కాచుకుని ఉంది. ఇప్పుడు కాగితం చాస్తే, ఆ ముసలావిడ మాట లెక్కలోది కాదని పాతికేళ్ళుగా ఇంట్లో అనుకున్నదే కోర్టులో కూడా అన్నట్టే. పదకొండు మంది ఎందుకు పోయారో తెలిసినా, తన పిల్ల కోసం వాళ్ళ చావుని మళ్ళీ తప్పుగా రాయించినట్టే. వారిజకి తన మీద తనకే అసహ్యం వేసింది. మొదటి కాగితాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

“పారబోయండి అన్నారు” అంది. “చేతుల్లో ఉన్న ఉప్పు పారబొయ్యమన్నారు.”

హాల్లో గోల లేచింది. జడ్జిగారు బల్ల కొట్టారు. పాత్రుడుగారు కళ్ళు మూసుకున్నారు.

“మీ యంత్రం మొదట వేరే మాట చెప్పిందా?” అడిగాడు ప్రాసిక్యూటరు, ఈసారి నెమ్మదిగా.

“చెప్పింది. పారిపోండి అని. ఆ మడుల్లో మాట్లాడే మాటలు దానికి నేను నేర్పలేదు. నేర్పాక ఇది చెప్పింది.”

“రేపు ఇంకేదైనా నేర్పితే ఇంకో మాట చెబుతుందా?”

“చెప్పొచ్చు.”

“అది నాయుడిగారి గొంతేనని చెప్పగలరా?”

“చెప్పలేను. ఊరు చెబుతోంది. గచ్చు చెప్పదు.”

“అంటే ఆ పాట వచ్చిన రోజున దానికి మీ దగ్గర ఆధారం లేదు.”

వారిజ బోను వైపు చూడకుండా చెప్పింది. “ఉందనుకున్నాను. లేదు.”

ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. జోగినాయుడు ఉప్పు పారబొయ్యమన్నాడంటే కండువాలవాళ్ళకి ఇంకా మంట పుట్టింది. పారిపోండి మాట తమ చొక్కాల మీద పెట్టుకున్న కుర్రాళ్ళు వారిజ అమ్ముడుపోయిందన్నారు. దిమ్మ మీద అక్షరాలు అలాగే ఉన్నాయి, వాటినెవరూ ముట్టుకోలేదు. ప్రభుదాస్ మాత్రం కోర్టు బయట మెట్ల దగ్గర వారిజ ముందుకొచ్చి నిలబడ్డాడు. కట్టుకట్టిన చెయ్యి వైపు ఒకసారి చూసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పదిహేను రోజులకి తీర్పు వచ్చింది. ఆధారం లేకుండా చరిత్ర మార్చి చూపినందుకు కిన్నెరకి ఏడాదిన్నర. అప్పీలు వేద్దామన్నారు పాత్రుడుగారు, గెలుస్తామని మాత్రం అనలేదు. జైలు వ్యాన్ వచ్చేదాకా కోర్టు వరండాలో పది నిమిషాలు మాట్లాడుకోనిచ్చారు. పక్కన ఆడ కానిస్టేబులు కుర్చీ లాక్కుని కూర్చుని ఫోను చూసుకుంటోంది.

వారిజ బట్టల సంచి ఇచ్చింది. అందులో ఏమేం పెట్టిందో వరసగా చెప్పింది. దువ్వెన, సబ్బు, నాన్న పంపిన శాలువా. 

“కోర్టులో నిజం చెప్పావని నాకు కోపం లేదమ్మా” అంది కిన్నెర. “నేనే ఆ బోనులో నిలబడి, చెప్పకపోతే బాగుణ్ణనీ అనుకున్నాను, చెబితే బాగుణ్ణనీ అనుకున్నాను. అది కాదు.”

“మరి?”

“మూడేళ్ళు ఆ చప్పుడు మనింట్లో ఉంది. నువ్వు భోజనాల బల్ల దగ్గర కూడా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేదానివి. మామ్మ పక్కగదిలోనే ఉంది.” కిన్నెర సంచి తాడు వేలికి చుట్టుకుంది. “ఒక్కసారి అడిగి ఉంటే అయిపోయేది కదమ్మా. ఇన్ని వేలమంది అరుచుకోకుండా, ప్రభు చెయ్యి విరక్కుండా. మామ్మని అడగాలని నీకు తోచలేదు. నాకూ తోచలేదు. నువ్వు పెంచినట్టే పెరిగాను.”

కానిస్టేబులు ఫోను జేబులో పెట్టుకుని లేచింది. కిన్నెర సంచి భుజానికి తగిలించుకుని, వెనక్కి చూడకుండా ఆవిడతో నడిచింది.

అసిరమ్మ కారులో వెనక సీట్లో ఎదురుచూస్తోంది. కోర్టు మెట్లు ఎక్కలేక అక్కడే కూర్చుండిపోయింది. కోడలు వచ్చి పక్కన కూర్చుని తలుపు వేసుకోగానే అడిగింది.

“గుంట ఏటన్నాదమ్మా?”

బాగానే ఉంది, మిమ్మల్ని అడిగింది అని చెప్పి ఊరుకోవచ్చు. పాతికేళ్ళుగా ఆవిడ ఏమడిగినా వారిజ అలా రెండు ముక్కల్లోనే చెప్పేది. ఇప్పుడు ముసలావిడ చెయ్యి పట్టుకుని, కిన్నెర అన్నది అన్నట్టు, ఒక్క మాట కూడా మింగకుండా చెప్పింది.